నక్క చెప్పిన తొందర

అనగనగా అనగానే రాజెవరని అడుగుతారేమో! ఆ ఏడు ఆ నేలకు రాజు ఎండే. చెరువులు ఇంకిపోయాయి. గడ్డి మాడిపోయింది. గొర్రెల మందకు కొండ మీది పచ్చిక తప్ప వేరే దిక్కు లేకపోయింది.

మందకు పెద్ద కొమ్ముల పొట్టేలు. "ఒక్క పరుగున కొండెక్కేద్దాం. ఆగినవాళ్ళ కోసం ఆగేది లేదు!" అంది. కొండను పొట్టేలు ఢీకొన్నట్టని పెద్దలు ఊరికే అన్నారా!

మంద చివర బొల్లి అనే తల్లిగొర్రె, దాని పక్కన మొన్న మొన్న పుట్టిన పిల్ల, ఆ వెనకాల మూతి నాక్కుంటూ ఒక నక్క. తల దించి కుమ్మే తల్లి మీద పడే ధైర్యం నక్కకు లేదు. పిల్ల తనంతట తాను కూలిపోతే చాలు. ఆగితే నక్క, పరుగెడితే ఎండ.

మిట్టమధ్యాహ్నం నక్క ఎంతో ఆపేక్షగా పలకరించింది. "అక్కా, మంద దూరమైపోతోంది. పరుగెత్తు!"

పిల్ల కాళ్ళు అప్పటికే తూలుతున్నాయి. 'ఈ నక్కకు నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?' అనుకుంది బొల్లి. తుమ్మచెట్టు నీడలో ఆగిపోయి, పొద్దు వాలాకే కదిలింది.

కొండ మొదట్లో చల్లని ఊట ఉంది. ముందే చేరిన మందంతా వగరుస్తూనే అందులో దూకింది; బొల్లి వచ్చేసరికి ఇంకా ఒళ్ళు తడుపుకుంటూనే ఉంది.

"నీ పిల్లనూ ముంచు అక్కా, ఎంత హాయో!" అంది నక్క.

"అమ్మా, నేనూ దూకుతానే!" అని పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపుకు బొల్లి ప్రాణం విలవిల్లాడింది. కానీ కొండ మీంచి చలిగాలి దిగుతోంది. పిల్లను తడవనీయకుండా పాలిచ్చి, తాను నెమ్మదిగా నీళ్ళు తాగింది.

మంద తడి ఒళ్ళతోనే శిఖరానికి పరుగుతీసింది. సగం కొండ దగ్గర నక్క మళ్ళీ వచ్చింది. "పైన పచ్చికంతా అయిపోతుంది అక్కా! ఈ పూటే ఎక్కెయ్!"

"నిన్నటిదాకా పొయ్యిలో ఉన్నాం తమ్ముడూ. ఈ చలి నా బిడ్డకు అలవాటు కానివ్వు" అంది బొల్లి. రెండు బండల నడుమ పిల్లను దాచి, తాను అడ్డంగా నిలబడింది.

ఆ తర్వాత రోజూ కాస్త కాస్త ఎక్కింది. కంటికి కునుకు లేదు. కడుపుకు నాలుగు పరకలే. ఎటు చూసినా నక్క కళ్ళే. తప్పు చేస్తున్నానేమోనని ఎన్నిసార్లు భయపడిందో పాపం!

చివరికి బొల్లి శిఖరం చేరేసరికి మందంతా దగ్గుతూ మూలుగుతోంది. కొమ్ముల పొట్టేలు లేవలేక పడి ఉంది. బొల్లి పిల్ల మాత్రం పచ్చికలో గెంతులేసింది.

మరి నక్క? ఎవరు ముందు కూలిపోతారా అని మందకూ బొల్లికీ మధ్య ఎండనకా చలనకా ఎక్కుతూ దిగుతూ, వగరుస్తూ ఊటలో మునిగి, జ్వరం తెచ్చుకుంది. బండ కింద ముడుచుకుని, "అక్కా, ఇప్పుడు నేనేం చెయ్యను?" అని మూలిగింది.

"నాకు చెప్పినవేవీ చెయ్యకు, తమ్ముడూ" అంది బొల్లి.

కాబట్టి పిల్లలూ, నేల మారినప్పుడు ఒంటికి గడువివ్వాలి. తొందరపెట్టేవాడు కనబడితే, మన తొందర ఎవరి కడుపు నింపుతుందో ముందు చూసుకోవాలి.