బయ్యమ్మ చెయ్యి

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఏడు గుడిసెల గూడెం ఒకటి ఉండేదట. అందులో బయ్యమ్మ అని దుంపలు తవ్వే మనిషి ఉండేది. మొగుడు పోయాడు, కొడుకు పోయాడు. మిగిలింది కోడలు సంకి, దాని చంటిపిల్ల. తెల్లారితే గునపం, పొద్దుగూకితే బుట్ట. బయ్యమ్మ అలిసిపోయేది. అలిసిపోయినా లేచేది.

ఆ అడవిలో రెండు తీగలు పక్కపక్కనే పాకేవి. ఒకటి తియ్యదుంప, ఇంకొకటి చేదుదుంప. రెండిటి ఆకూ తమలపాకులాగే ఉంటుంది. తియ్యదుంపను తవ్విన పూటే కాల్చుకు తినొచ్చు. చేదుదుంపను ముక్కలు కోసి మూడు రోజులు పారే వాగులో నానబెట్టాలి. నానబెట్టకుండా తింటే మనిషి మిగలడు.

అందుకే బయ్యమ్మ ప్రతి తీగ దగ్గరా ఆగేది. తియ్యదుంపకు ఆకులు జంటగా, ఎదురెదురుగా వస్తాయి. చేదుదుంపకు ఒకటి ఇటు, ఒకటి అటు. తియ్యదుంప పూత నిలబడుతుంది. చేదుదుంప పూత జడకుచ్చుల్లా వేలాడుతుంది. తియ్యదుంప కుడిచేతి వైపు చుట్టుకుంటూ కొమ్మ ఎక్కుతుంది, చేదుదుంప ఎడమచేతి వైపు.

"ఆకు చూడు, పూత చూడు, చుట్టు చూడు" అనేది.

గూడెం పెద్ద ఈదయ్య నవ్వేవాడు. "నువ్వు చూసేసరికి ఎలుగొడ్డు తినిపోతుంది పెద్దమ్మా. ఆకు చూస్తే చాలదా?"

"చాలినన్నాళ్ళు చాలుతుందిరా."

గూడెంలో ఒక అలవాటు ఉండేది. ముందు తీగను లాగి పడేసి, ఆ తీగతోనే బుట్టకు కట్టు కట్టేవాళ్ళు. తవ్వడం ఆ తర్వాత. బయ్యమ్మ ఒక్కతే తీగను కొమ్మ మీదే ఉంచి తవ్వేది.

కరువు వచ్చింది. మొదటి ఏడు పూత రాలేదు. రెండో ఏడు వాగు ఎండింది. మూడో ఏడు ఆకు కూడా రాలిపోయి, కొమ్మలకు ఎండుతీగలు మిగిలాయి.

ఈదయ్య పెళ్ళాం గంగి అలవాటు ప్రకారం తీగ లాగింది. అది ముక్కలై రాలింది, ఎటు చుట్టుకుందో ఆనవాలు లేకుండా పోయింది. తవ్వింది, కాల్చింది, తిన్నది. ఆకలి మీద చేదు తెలియలేదు. చేతులు బిగుసుకుని, పిడికిళ్ళతోనే పోయింది. ఆ రోజు నుంచి గూడెం గునపాలు దించేసింది.

"ఆకలితో పోతే నాలుగు రోజులు పడుతుంది. దుంపతో ఒక్క పూట. తేడా అంతే" అన్నాడు ఈదయ్య. ఇప్పుడు నవ్వడం లేదు.

సంకికి పాలు ఎండిపోయాయి. పిల్లకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. అప్పటికి బయ్యమ్మ కళ్ళకు పొర కమ్మింది. ఆమె అలిసిపోయింది. అలిసిపోయినా లేచింది.

"ఎక్కడికత్తా? కళ్ళు కనపడవు నీకు."

"చూడ్డానికి ఆకూ లేదు, పూతా లేదు. కళ్ళతో పనేముందే? పద."

సంకి పిల్లను వీపున కట్టుకుని బయ్యమ్మ చెయ్యి పట్టుకుంది. ఈదయ్య వెనక నడిచాడు. మొదటి తీగ దగ్గర బయ్యమ్మ మొదలు పట్టుకుని, వేళ్ళను మెల్లగా పైకి పోనిచ్చింది. చెయ్యి ఎడమకు పోయింది. వదిలేసింది. రెండో తీగా ఎడమకే పోయింది.

"ఎడమకు తిరిగినవాటిలో మంచిది ఒక్కటీ ఉండదా పెద్దమ్మా?"

"ఉండొచ్చు. అది తెలుసుకునే ఓపిక నాకు లేదు. పద."

మూడో తీగ దగ్గర చెయ్యి కుడికి పోయింది. మళ్ళీ మొదటినుంచీ పోనిచ్చింది, మళ్ళీ కుడికే. సంకిని కళ్ళు మూసుకోమని, దాని చెయ్యి కూడా పోనిచ్చింది.

"ఎటు పోయింది?"

"కుడికి, అత్తా."

"తవ్వు."

తవ్వారు, కాల్చారు. బయ్యమ్మ చెయ్యి చాపింది. "మొదటి ముక్క నాది. పొద్దు ఆ కొండ మీదికి వచ్చేదాకా మీరు ముట్టకండి." తిన్నది. చెట్టుకు ఆనుకుంది. కళ్ళు మూసుకుంది.

పొద్దు కొండ మీదికి వచ్చింది. బయ్యమ్మ లేవలేదు. సంకి పిలిచింది, కదిపింది. ఊపిరి లేదు.

"అయిపోయింది. పారెయ్యమ్మా" అన్నాడు ఈదయ్య.

సంకి దుంపను పారెయ్యలేదు. అత్త చేతిని చూసింది. ఆ చెయ్యి బిగుసుకోలేదు. గింజలు చల్లి వచ్చిన చెయ్యిలా తెరుచుకుని ఉంది. సంకి తీగ దగ్గరికి పోయి కళ్ళు మూసుకుంది. ఒకసారి పోనిచ్చింది, కుడికి. రెండోసారి, కుడికి. మూడోసారీ కుడికే.

"దుంప చంపలేదు మామా. అత్త అలిసిపోయింది, అంతే."

కూచుని తిన్నది. ఈదయ్య తల తిప్పుకున్నాడు. పొద్దు కుంకింది, మళ్ళీ పొడిచింది. సంకి లేచి పిల్లకు రొమ్మిచ్చింది. నాలుగో రోజుకు పిల్ల గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఏడు గుడిసెలూ గునపాలు తీశాయి.

ఇప్పటికీ ఆ కొండల్లో ముందుగా తీగ లాగరు. కళ్ళు మూసుకుని, మొదలు నుంచి మూడుసార్లు చెయ్యి పోనిస్తారు. పక్కవాళ్ళు "బయ్యమ్మ ఎటు పోయింది?" అని అడుగుతారు. "కుడికి" అంటేనే గునపం దిగుతుంది.

ఇంకో మాట కూడా ఉంది. తవ్వుతూ తవ్వుతూ ఎవరైనా చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే, వాళ్ళను లేపరు. కాల్చిన మొదటి ముక్క పక్కన పెట్టి, వాళ్ళ వంతు కూడా తామే తవ్వుతారు.