చెంచమ్మ చూపిన దిబ్బ

అనగనగా, ఏటి పక్కన ఒక ఊరుండేదే బుజ్జమ్మా. ఒక ఏడాది వానలకి ఆ ఏరు పొంగి సగం ఊరిని ఊడ్చుకుపోయింది. పాపం, వాళ్ళంతా మళ్ళీ ఇళ్ళు కట్టుకోవాలిగా? ఊరిపెద్ద భద్రయ్య, మిగతా పెద్దలూ కూర్చుని పడమటి బయలు బాగుందన్నారు. చదునుగా, పొడిగా ఉంది మరి.

అప్పుడు భద్రయ్యకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఊరి చివర గుడిసెల్లో బాతులు మేపుకునేవాళ్ళున్నారు. వరదకి రెండ్రోజుల ముందే వాళ్ళు మూటాముల్లే సర్దుకుని మెరకకి వెళ్ళిపోయారు. ఒక్క బాతు కూడా పోలేదు. మరి వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదే!

వెంటనే వాళ్ళలో పెద్దదైన చెంచమ్మకి కబురు పెట్టాడు. ఆమె వచ్చి అందరి వెనకాల నిలబడింది. "ఏమంటావు?" అనడిగితే, "పెద్దోళ్ళు, మీ ఇష్టమయ్యా" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నలుగురిని వెంటేసుకుని తనే ఆమె గుడిసెకి వెళ్ళాడు. నిలబడే అడిగాడు. మళ్ళీ అదే మాట.

మూడోసారి ఒక్కడే వెళ్ళాడు. చెప్పులు దూరంగా విడిచి నేలమీద కూర్చున్నాడు. చెంచమ్మ బాతులకి నూకలు చల్లుతోంది. ఆ పని అయ్యేదాకా ఊరుకున్నాడు.

"చెంచమ్మా, నాకు తెలీదు. నువ్వు చెబితే తెలుసుకుంటాను" అన్నాడు.

"మా అమ్మ చెప్పిందయ్యా, ఒకప్పుడు. వరదొస్తుందంటే ఊరంతా నవ్వింది."

భద్రయ్య తల దించుకున్నాడు. "నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పయిపోయింది తల్లీ."

చెంచమ్మ నూకల చేట పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. అప్పుడు మెల్లిగా చెప్పింది. "ఆ బయలు వద్దయ్యా. నడి ఎండల్లో కూడా మా బాతులు అక్కడే నత్తలు ఏరుకుంటాయి. అడుగున తడి ఆరదు. అది ఏటికి పాత దారి. తూర్పున గులకరాళ్ళ దిబ్బ మీద కట్టుకోండి." కాస్త ఆగి, "మరి మా ఇళ్ళో?" అంది.

ఆ మాట ఒక్క పెద్దకీ తట్టలేదు, చూశావా!

ఆ తర్వాత భద్రయ్య ఆమెని పెద్దల మధ్యకి తీసుకెళ్ళి తన పక్కనే కూర్చోబెట్టాడు. ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆమె లేవలేదు. చెప్పాల్సిందంతా తనే చెప్పింది. దిబ్బ మీద ఇళ్ళు లేచాయి. బాతులవాళ్ళ ఇళ్ళూ ఆ వరసలోనే.

మళ్ళీ వానలొచ్చాయి. ఏరు పడమటి బయలంతా ముంచేసి, దిబ్బ అంచుదాకా వచ్చింది. భద్రయ్య తడుస్తూనే వెళ్ళి చెంచమ్మ తలుపు తట్టాడు.

"నీళ్ళు ఇంకా పైకొస్తాయా చెంచమ్మా?"

ఆమె ఏటివైపు చూసింది. "ఇక రావులే అయ్యా. మీరు ముందు లోపలికి రండి, తడిసిపోతున్నారు" అని గడపలోంచి పక్కకి జరిగి, పీట వాల్చింది.

కథ చేరె కంచికి,
కునుకు చేరె మా బుజ్జి కంటికి!