చిలక్కొయ్య మీది మోకు

రాజలింగానికి గురువు మీద ఒక్కటే గుర్రు. పనంతా నేర్పాడు, తీర్పు మాత్రం తన చేతికివ్వడు.

ఇప్పుడు డెబ్బై దాటిన రాజలింగం ఆ మాట తలచుకుని తనలో తనే నవ్వుకుంటాడు. ఎంత పొగరు, ఎంత పిల్లతనం! ఆ రోజులే వేరు. మోత్కూరు వైపు ఓ ఊళ్ళో గురువు బుర్హాన్ సాబ్ వసారాలో పొద్దున్నుంచీ నువ్వులనూనె కాగుతూ ఉండేది. ఓ మూల వెదురుబద్దలు, ఓ మూల గుడ్డపీలికలు. విరిగిన ఎముక మీద సాబ్ చెయ్యి పడితే ఇక తిరుగులేదని నాలుగూళ్ళ మాట. ఆ నూనె వాసన మళ్ళీ ఒక్కసారి తగిలితే చాలు, రాజలింగం ఏమైనా ఇచ్చేస్తాడు.

ఆ వసారా గోడకు ఒక చిలక్కొయ్య ఉండేది. కల్లు గీత పని చేసేవాళ్ళెవరైనా తాటిచెట్టు మీంచి పడితే, మనిషిని మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు, వెనకాలే అతని మోకును కూడా తెచ్చేవాళ్ళు. చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు అది. మనిషి కోలుకునేదాకా మోకు ఆ చిలక్కొయ్యకే. సాబ్ నోటితో సరే అని, మోకు ఇప్పించాకే మళ్ళీ గీతకు పోవాలి. అప్పటిదాకా గీతవాళ్ళ సంఘం అతని పేరున చెట్లు పంచదు. కాగితం లేదు, ముద్ర లేదు, అయినా ఆ కట్టుబాటు దాటినవాడు లేడు.

ఆ ఏడు అక్కడ వేలాడుతున్నది ఉప్పలయ్య మోకు. దసరాకు ముందు పడ్డాడు. కుడికాలు విరిగింది, కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. ఉగాది తెల్లారి చెట్ల పంపకం. అందులో పేరు లేకపోతే ఏడాదంతా పస్తులే. అతని భార్య సత్తెమ్మ రెండు రోజులకోసారి వచ్చి, మోకు వంక చూసి, ఏమీ అడక్కుండా పోయేది. పోనీ తొందరపడి ఇచ్చారే అనుకోండి, మళ్ళీ పడితే ఈసారి మోసుకొచ్చే పని కూడా ఉండదు.

ఉగాదికి నెల ఉందనగా సాబ్ శిష్యుణ్ణి పిలిచి, ఈసారి ఉప్పలయ్యను నువ్వే చూసి చెప్పు అన్నాడు.

రాజలింగం కాళ్ళు నేల మీద నిలవలేదు. పదిరోజులు పరీక్షలు పెట్టాడు. వడ్లబస్తా ఎత్తించాడు. గుంజీలు తీయించాడు. దూలానికి వేలాడమని తను వంద లెక్కపెట్టాడు. తన చెయ్యి నొక్కించుకుని కుడిచేతి పట్టూ ఎడమచేతి పట్టూ పోల్చాడు. ఉప్పలయ్య అన్నిట్లోనూ నెగ్గాడు. పదోరోజు సత్తెమ్మ కూడా వచ్చి కూచుంది. రాజలింగం సాబ్ ముందు నిలబడి, మనిషి ఉక్కులా ఉన్నాడు, ఒక్కటీ తప్పలేదు, ఇక ఇచ్చేద్దామని చెప్పి చిలక్కొయ్య మీంచి మోకు తీశాడు.

సాబ్ ఆపలేదు. "ముందు నువ్వు కట్టుకో బేటా," అన్నాడు.

రాజలింగం కుమ్మరి ఇంట పుట్టినవాడు. చెట్టెక్కి ఎరగడు. గురువు మాట కాదనలేక పెరట్లో తాటిచెట్టు దగ్గరికి నడిచాడు. ఉప్పలయ్యే నవ్వుతూ మోకు కట్టాడు, పాదాలకు బంధం వేశాడు. కిందా మీదా పడి, రొమ్ము గీరుకుపోయి, ఎలాగో రెండు నిలువులు ఎక్కాడు. అప్పుడు సాబ్, రెండు చేతులూ వదిలెయ్యమన్నాడు. పైన ఒక చేత కత్తి, ఒక చేత కల్లు లొట్టి పట్టుకోవాలి కదా మరి, చెట్టును పట్టుకోను మూడో చెయ్యి ఎక్కడిది?

రాజలింగం ఒక చెయ్యి వదిలాడు. రెండోది రాలేదు. ఎంత చెప్పుకున్నా రాలేదు.

"నడుము ఎనక్కి వాల్చు తమ్మీ," అన్నాడు కింద నుంచి ఉప్పలయ్య. "బరువంతా మోకుకియ్యి. అది మొయ్యనీకే ఉన్నది."

రాజలింగం చెట్టును కరుచుకునే దిగాడు. సత్తెమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సాబ్ ఉప్పలయ్య వైపు చూసి తలాడించాడు. ఉప్పలయ్య అదే మోకు కట్టుకుని, ఉడతలాగా రెండు నిలువులు ఎక్కేశాడు. వెనక్కి వాలాడు. ఎడమచెయ్యి వదిలాడు.

కుడిచెయ్యి వదల్లేదు. వేళ్ళు తెల్లబడేలా చెట్టును పట్టుకునే ఉంది. ఇప్పుడే తను అలా పట్టుకుని దిగాడు కాబట్టి రాజలింగానికి ఆ వేళ్ళు కనబడ్డాయి, లేకపోతే కనబడేవే కావు. ఉప్పలయ్య దిగి, చెయ్యి తిమ్మిరెక్కిందన్నాడు. ఎవరి మొహమూ చూడలేదు. సత్తెమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

రాజలింగమే ఆ మోకు అందుకుని, తీసుకెళ్ళి చిలక్కొయ్యకు తగిలించాడు. తగిలిస్తుంటే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి కొత్త వైద్యం మొదలైంది. ఉప్పలయ్య రోజూ వచ్చి మోకు తీసుకోవాలి, రెండు నిలువులు ఎక్కి ఊరికే వాలి ఉండాలి, దిగి మోకు మళ్ళీ చిలక్కొయ్యకు తగిలించాలి. కత్తి లేదు, లొట్టి లేదు. చెట్టు కింద చాప మీద సాబ్, రాజలింగం, సద్ది తెచ్చిన సత్తెమ్మ. మొదట్లో రాజలింగం కళ్ళార్పకుండా ఆ కుడిచెయ్యినే చూసేవాడు. ఓరోజు సాబ్‌కు చిరాకేసింది.

"చెయ్యిని చూడకు. మనిషితోని మాట్లాడు."

ఇక కబుర్లే కబుర్లు. వానలు, మేకలు, ఎవరింట్లో ఎవరు అలిగారు, అన్నీ చెట్టు మీదికీ కిందికీ నడిచాయి. రోజులు మాత్రం కరిగిపోతున్నాయి. పదిహేను మిగిలాయి, పది మిగిలాయి, అయిదు మిగిలాయి. చెయ్యి వదల్లేదు. సత్తెమ్మకు ముద్ద దిగడం మానేసింది.

ఉగాదికి ముందురోజు మధ్యాహ్నం. ఉప్పలయ్య పైన వాలి, తన అత్త ఓ పెళ్ళిలో కల్లు ఎక్కువై పెళ్ళికొడుకునే పేరుపేరునా తిట్టిన కథ చెబుతున్నాడు. కింద సత్తెమ్మ, మా అమ్మనంటావా అని ఉడుక్కుంటోంది. కథ మధ్యలో అతను చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. మొలలోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసి, గాలికి ఆరకుండా రెండు అరచేతుల మధ్యా మంట దాచి, బీడీ ముట్టించుకున్నాడు. ఓ దమ్ము లాగి, మళ్ళీ అత్త దగ్గరికి వచ్చాడు.

సత్తెమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రాజలింగం అరవబోయాడు. సాబ్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. ఇప్పటికీ ఎక్కడైనా బీడీ వాసన తగిలితే, రాజలింగానికి మోకాలి మీద ఆ చెయ్యి బరువు తెలుస్తుంది.

పైన కథ అయిపోయేదాకా సాబ్ విన్నాడు. నవ్వవలసిన చోట నవ్వాడు. తర్వాత చాప మీంచి లేచి, చెప్పులు వేసుకుంటూ శిష్యుడితో మెల్లగా అన్నాడు:

"దిగినంక మోకు ఇటు తేవద్దని చెప్పు."