రాజుగారి సెగ్గడ్డ, పారమ్మ మినప చేను

అనగనగా ఒక ఊరర్రా. కొండ దిగువన ఎర్రగరువు నేల, ఆ నేల మీద ఊరు. ఊ కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే నాకు నిద్రొస్తుంది, కథ సగంలో పోతుంది, తర్వాత నన్ను సతాయించకండి.

ఆ ఊళ్ళో ఏది పండినా పండకపోయినా మినుములు పండాల్సిందే. పొద్దున్నే మినపరొట్టె, మధ్యాహ్నం మినపప్పు పచ్చడి, పండగొస్తే గారెలు. ఆ రాజ్యాన్నేలే రాజుగారికైతే గారెలంటే ప్రాణం. ఒక ఎండాకాలం పళ్ళెం తర్వాత పళ్ళెం లాగించాడు. లాగిస్తే ఏమైంది? మెడ మీద నిమ్మకాయంత సెగ్గడ్డ లేచింది. మెడ తిప్పలేడు, కిరీటం పెట్టలేడు, పడుకోలేడు, కూచోలేడు.

అలా మూలుగుతూ తోటలో తిరుగుతుంటే నీళ్ళు పారే చోట ఒక మినప మొక్క కనిపించింది. కోపమొచ్చి పీకేశాడు. చూస్తే దాని వేళ్ళనిండా బుడిపెలు. అదిగో, దీనికీ గడ్డలున్నాయి, దీని పప్పు తినే నాకూ అంటుకున్నాయి అన్నాడు. పక్కనున్నవాళ్ళు అవును ప్రభూ అన్నారు. రాజుగారి మాటకి అవుననడానికే కదా వాళ్ళని పెట్టుకుంది. ఆ వారమే రాజుగారు పుల్లమజ్జిగ తాగాడు, గడ్డ దానంతటదే పగిలింది. కాకి వాలింది, తాటిపండు పడింది. ఇంకేముంది, గడ్డలకి మందు పులుపేనని తేల్చేశాడు.

మర్నాడు దండోరా వేయించాడు. ప్రతి రైతూ చేలో చింతపులుసు పొయ్యాలి, పులిసిన మజ్జిగ పొయ్యాలి. ఏ చేలోనైనా మొక్క వేరుకి బుడిపె కనిపించిందా, ఆ చేను రాజుగారిది, ఆ రైతు ఊరవతలికి.

ఇక్కడొక ముక్క చెప్పాలి, సరిగ్గా వినండి. ఆ బుడిపెలు రోగం కాదు. అవి ఇళ్ళు. కంటికి ఆనని బుడ్డోళ్ళు వాటిల్లో కాపురముంటారు. గాల్లో ఉన్న సత్తువని పట్టుకుని మొక్కకి వండి పెడతారు. మొక్క వాళ్ళకి తీపి పెడుతుంది. ఇరుగమ్మ కూర గిన్నె పంపితే పొరుగమ్మ పచ్చడి గిన్నె పంపినట్టు. ఏంటే ఇందూ? మీ బళ్ళో బ్యాక్టీరియా అన్నారా? అననీ. పేరేదైనా వాళ్ళు వాళ్ళే. వాళ్ళకి పడనిదల్లా పులుపు. నేల పులిసిందంటే కొందరు చస్తారు, మిగిలినవాళ్ళు కాపురం పెట్టలేరు. కొండవానలకి సారమంతా కొట్టుకుపోయి ఆ ఎర్రనేల అసలే కాస్త పులుపు. దాని మీద ఊరి పులుసంతా పోశారు.

మొదటి పంటకి బుడిపెలు తగ్గాయి. రోగం పోయిందని రాజుగారు డప్పులు కొట్టించాడు. తర్వాతి పంటకి ఆకులు పసుపుపచ్చన. ఆ తర్వాత కాయలు తాలు. ఇళ్ళల్లో చారుకి చింతపండు లేదు, రొట్టెకి పప్పు లేదు. అయినా ఎవరూ నోరెత్తలేదు. వింటున్నారా? హర్షా, కళ్ళు మూస్తే ఊ ఎవరు కొడతారురా?

ఆ ఊరికి పొరుగు రాజ్యం నించి కోడలై వచ్చింది పారమ్మ. మొగుడు పోలయ్య మంచివాడే గానీ భటుల చెప్పుల చప్పుడు వింటే చాలు, గాదె వెనక్కి దూరేవాడు. అత్త గవరమ్మ వక్కాకు నమిలే మనిషి, చేతిలో సున్నపుకాయ ఎప్పుడూ ఉండేది. పారమ్మకి కడుపొచ్చింది. అందరికీ మామిడికాయ మీద మనసు పోతే ఈమెకి మట్టి మీద పోయింది. నవ్వకండి. మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు నేనూ పొయ్యి అంచు గీక్కుని తిన్నాను. మీరు మాత్రం తిన్నారో, నులిపురుగులు పడతాయి.

పారమ్మ వాళ్ళమ్మకి కూతురి సంగతి తెలుసు. చలిమిడితో పాటు పుట్టింటి మినప చేలో మట్టి కూడా ఒక మూట కట్టి పంపింది. పారమ్మ దాన్ని దాచుకుని రోజూ చిటికెడు నోట్లో వేసుకునేది. వాన పడ్డ చేను వాసన, కమ్మగా. ఒకనాడు తమ చేలో మట్టి కూడా వేసుకుని చూసింది. పళ్ళు పులిశాయి. తుపుక్కున ఊసింది.

అప్పటికి ఇంట్లో చాటెడు విత్తనాలే మిగిలాయి. ఇవి కూడా తాలుపోతే ఊరు విడిచి ఎటైనా పోదామన్నాడు పోలయ్య. పారమ్మ పోనంది. నా బిడ్డ ఈ చేలో పండిన పప్పే తింటుందని గట్టిగా చెప్పింది. కడుపుతో ఉన్నదాని పంతం, ఎవరు కాదంటారు? పోలయ్య సరేనన్నాడు.

ఆలోచనలో పడి పెరట్లోకి వెళితే, పొయ్యి బూడిద పారబోసే చోట, గవరమ్మ సున్నపుకాయ గీకి పడేసే చోట, దానంతటదే మొలిచిన మినప మొక్క ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. పీకింది. వేళ్ళకి బుడిపెలే బుడిపెలు. అత్త పరుగున వచ్చి కొంగు కప్పేసింది, భటులు చూస్తే కొంప మునుగుతుందని. పారమ్మ కొంగు తీసి ఒక బుడిపె గోటితో చిదిమింది. లోపల ఎర్రన. అక్కడి మట్టి నోట్లో వేసుకుంది. పులుపు లేదు.

బూడిదా సున్నమూ నేల పులుపుని విరిచేశాయని పారమ్మకి అర్థమైంది. దాచిపెట్టి చెయ్యలేదర్రా, అందరూ చూస్తుండగా చేసింది. ఇంటింటికీ వెళ్ళి పొయ్యి బూడిద అడిగింది. పోలయ్యని తోడు తీసుకుని ఏటి ఒడ్డున నత్తగుల్లలు ఏరి, కాల్చి సున్నం చేసింది. చేనంతా చల్లి దున్నించింది. ఎర్రచేను తెల్లగా తేలింది. అప్పుడు తన మట్టి మూట విప్పింది. ఇల్లు బాగుచేస్తే చాలదు, ఉండేవాళ్ళు కూడా రావాలి కదా? విత్తనాలకి బెల్లం నీళ్ళు పట్టించి, ఆ మట్టి కలిపి ఆరబెట్టింది. నోట్లో నీళ్ళూరుతున్నా ఒక్క చిటికెడు దాచుకోలేదు. మూట దులిపేసింది. చెయ్యి నాకి, ఏడ్చి, విత్తనాలు జల్లడానికి వెళ్ళింది.

భటులొచ్చారు. చేనేమిటి ఇలా ఉంది, పులుసేదీ అని అడిగారు. పోలయ్య గాదె వైపు చూశాడు. పారమ్మ ముందుకొచ్చింది.

"పులుసు పొయ్యి మీదుంది. మనుషులు తింటారు. నా చేలో పొయ్యను."

రాజాజ్ఞ అన్నారు. ఆజ్ఞ రాజుగారిదే, చేను నాది అంది. ఆ వార్త కోటకి చేరేసరికి మినుము మోకాలెత్తు లేచింది. చుట్టూ ఊరి చేలన్నీ పసుపుపచ్చన, మధ్యలో పారమ్మ చేను నల్లని పచ్చన. ఊళ్ళోవాళ్ళు గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు, ఎవరైనా వస్తుంటే మొహం తిప్పేసుకునేవాళ్ళు.

చివరికి రాజుగారే పల్లకీ ఎక్కి వచ్చాడు. మెడ వంకరగా ఉంది. ఎందుకు? ఆ ఎండాకాలం మళ్ళీ గడ్డ లేచింది, ఇంకా తగ్గలేదు. మొక్క పీకించాడు. వేళ్ళనిండా బుడిపెలు. నీ చేను వల్లే నాకు గడ్డ మళ్ళీ వచ్చింది, ఈ చేను జప్తు, మీరు ఊరవతలికి అన్నాడు. ఊరంతా గట్టు మీదికి చేరింది. పారమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడింది. మీ గడ్డ లేచింది ఎండాకాలంలో, నేను విత్తింది వానలు పడ్డాక, మొలవని మొక్క మీకెలా అంటించింది అని అడిగింది. ఆమె ఒక బుడిపె చిదిమి చూపించింది.

"గడ్డలో చీముంటుంది దొరా. ఇందులో నెత్తురు రంగుంది. ఇది రోగం కాదు, ప్రాణం."

అంతటితో ఆగిందా? ఆగలేదు. ఊరంతా వినేలా గొంతెత్తింది. పిల్లలూ, మీరూ నాతో అనండర్రా.

"కంచంలో పప్పెందుకు లేదు? కాయలో గింజ లేదు. కాయలో గింజెందుకు లేదు? ఆకులో పచ్చన లేదు. ఆకులో పచ్చనెందుకు లేదు? వేరుకి బుడిపె లేదు. వేరుకి బుడిపెందుకు లేదు? బుడ్డోళ్ళు లేచిపోయారు. బుడ్డోళ్ళెందుకు లేచిపోయారు? నేలకి పులుపెక్కింది. నేలకి పులుపెందుకెక్కింది? రాజుగారి మెడ మీద సెగ్గడ్డ లేచింది."

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఊరు ఊరంతా. భటులు కూడా మీసాల చాటున నవ్వారు. రాజుగారు ఎర్రబడి, రుజువేదీ అన్నాడు. పారమ్మ పక్క చేలోంచి గుప్పెడు, తన చేలోంచి గుప్పెడు మట్టి తీసి రెండు చేతులూ చాపింది. తిని చెప్పండి అంది. నేను రాజుని, మట్టి తినాలా అన్నాడాయన. ఇన్నాళ్ళూ మీరు తిన్న గారెలు ఎక్కడినుంచి వచ్చాయి అంది.

ఇక తప్పలేదు. మొదటి చేతిలోది నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం చింతకాయ కొరికినట్టయింది. రెండో చేతిలోది పెట్టుకున్నాడు. పులుపు లేదు అన్నాడు మెల్లగా, తప్పు నాదే అన్నాడు. అప్పుడు, ఇన్నాళ్ళూ వణికిన గవరమ్మ కదిలింది. పసుపులో తన సున్నపుకాయలో సున్నం కలిపి, ఎర్రటి పట్టు చేసి, అడగకుండానే రాజుగారి మెడ మీద టపీమని వేసింది. వెధవ గడ్డకి ఇదీ మందు, దీనికి ఊరి చేలెందుకు అంది. దాంతో గడ్డ తగ్గింది.

దండోరా రద్దయింది. కోట వంటింటి బూడిదంతా బళ్ళకెత్తి ఊరి చేలకి తోలించాడు. మొదటి బండి పక్కన రాజుగారే నడిచాడు. పారమ్మ ఎవరడిగితే వాళ్ళకి తన చేలో మట్టి గుప్పెడు పెట్టింది. కూతురు పుట్టింది, అన్నప్రాసన నాడు ఆ చేలో పప్పే నోట్లో పెట్టింది. అప్పట్నించీ ఆ ఊరి ఆడపిల్ల అత్తారింటికి వెళుతుంటే సారెలో లడ్డూల పక్కన పుట్టింటి మట్టి మూట ఉండాల్సిందే.

కాబట్టి ఏంటి? నోట్లో పెట్టుకోకుండా కూరకి పేరు పెట్టకూడదు. తెలుసుకోకుండా రోగమనకూడదు. తప్పని తెలిశాక, పొయ్యమన్నది రాజైనా సరే, పొయ్యనని చెప్పాలి. కథ కంచికి బయల్దేరింది, మనం ఇంట్లోనే ఉన్నాం. దుప్పటి అటు లాక్కోకురా హర్షా, ఇందూకి కూడా కప్పు.