ఇసుకతిన్నె మీది అడ్డదారి

అనగనగా, మనుషుల కాలిబాటలు ఆగిపోయే చోట ఒక అడవి ఉండేది. ఆ అడవి మధ్యలోంచి ఒక ఏరు పారేది. ఆ ఏట్లో చెంగడు అనే నీటికుక్క ఉండేవాడు. ఈతలో వాడిని మించినవాడు లేడు. ఆ సంగతి వాడికీ బాగా తెలుసు.

ఒక వేసవిలో ఏట్లో చేపలు తగ్గిపోయాయి. ఎగువ నుంచి వచ్చిన కొంగ అసలు సంగతి చెప్పింది.

"కొండల ఇరుకులో ఎవరో వదిలేసిన పాత వలలు చిక్కుకున్నాయి. చేపలు, తాబేళ్ళు వాటిలో పడి గిలగిలా కొట్టుకుంటున్నాయి."

"అంత దూరం ఎవరు వెళ్తారు?" అని అడిగాడు దుప్పి తాత.

"నేను వెళ్తాను తాతా! నేను కాక ఇంకెవరు వెళ్ళగలరు?" అన్నాడు చెంగడు.

వలలు కొరకాలంటే గట్టి పళ్ళు కావాలి కదా. అందుకని ముళ్ళక్క అనే ముళ్ళపంది కూడా వాడితో బయలుదేరింది.

దారి అంత తేలికైనది కాదు పిల్లలూ. మొదట సుడిగుండాలు వచ్చాయి. చెంగడు వాటిని ఈది దాటాడు. ముళ్ళక్క గట్టు వెంట పడుతూ లేస్తూ నడిచింది. తరవాత నిలువునా ఒక నున్నటి బండ వచ్చింది. చెంగడు పైకి పాకి, తోక కిందికి వదిలాడు. ముళ్ళక్క దాన్ని పట్టుకుని ఎక్కింది. ఆ తరవాత ఏటి మలుపులో ఒక పెద్ద ఇసుకతిన్నె వచ్చింది.

వాళ్ళు తిన్నె మీద కాలు పెట్టారో లేదో, ఒక తీతువు పిట్ట గాల్లోకి లేచింది. వాళ్ళ నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు.

"తమ్ముడూ, ఆ పిట్ట ఎందుకో అరుస్తోంది. కాస్త ఆగి కనుక్కుందాం. లేదంటే రాళ్ళ మీదుగా చుట్టూ తిరిగి పోదాం" అంది ముళ్ళక్క.

"ఆగితే ఎలా అక్కా? మన కబురు ఇక్కడిదాకా పాకినట్టుంది. మనల్ని చూసి సంబరపడుతోంది!" అన్నాడు చెంగడు.

పిట్టకేసి చెయ్యి ఊపి, తిన్నెకు అడ్డంగా పరుగు తీశాడు. ముళ్ళక్క తటపటాయించింది. చివరికి తనూ వాడి వెనకే వెళ్ళింది.

కొండల ఇరుకులో ఇద్దరూ ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు. ముళ్ళక్క కొరికింది. చెంగడు నీళ్ళలో మునిగి లాగాడు. చేపలు జారుకుని వెళ్ళిపోయాయి. మెడకు వల బిగుసుకున్న ఒక తాబేలు ఊపిరి పీల్చుకుని, "నన్ను బతికించారు నాయనా!" అంది. చెంగడి ఛాతీ పొంగిపోయింది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఇసుకతిన్నె వచ్చింది. తీతువు ఒక రాయి మీద కూర్చుని ఉంది. ఈసారి అరవలేదు.

చెంగడు కిందికి చూశాడు. ఇసుకలో ఒక చిన్న గుంట ఉంది. అందులో ఇసుక రంగు పెంకులు నలిగి ఉన్నాయి. సొన ఎండి ఇసుకకు అంటుకుపోయింది. దాని మీద ఒక అడుగు ముద్ర. వేళ్ళ మధ్య చర్మం ఉన్న అడుగు. అది వాడిదే.

 చెంగడు పిట్టకేసి చూడలేకపోయాడు. గబగబా తోకతో ఆ ముద్రను చెరిపేశాడు. ముళ్ళక్క అది చూసింది.  ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇంటిదాకా నడిచారు.

అడవిలో పండగలా ఉంది. దుప్పి తాత లేచి నిలబడ్డాడు.

"ఒక్క ప్రాణికి కూడా హాని చెయ్యకుండా ఇంత పని చేసుకొచ్చారు! చెప్పరా చెంగా, దారిలో ఏం జరిగిందో."

చెంగడు సుడిగుండాల గురించి చెప్పాడు. బండ గురించి చెప్పాడు. ఇసుకతిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"తరవాతేమైంది మావా?" అని అడిగింది ఒక కుందేలు పిల్ల.

తిన్నె సంగతి దాటేసి వలల గురించి చెప్పొచ్చు. ముళ్ళక్కకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ వాడి చెవులు కాలిపోతున్నాయి.

"తరవాత నేను తీతువు గుడ్లు తొక్కేశాను" అన్నాడు చెంగడు. "తెలియక తొక్కాను. కానీ వచ్చేటప్పుడు చూశాను. చూసి, నా అడుగు నేనే చెరిపేశాను."

"ఆగుదామని అన్నాను గానీ, నేనూ ఆగలేదు" అంది ముళ్ళక్క మెల్లిగా.

ఎవరూ వాళ్ళను తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది చెంగడికి.

మర్నాడు పొద్దున్నే వాడొక్కడే బయలుదేరి వెళ్ళాడు. తిన్నె ఎక్కకుండా రాళ్ళ దగ్గరే ఆగాడు.

"తీతువమ్మా, నీ గుడ్లు తొక్కింది నేనే."

"నాకు తెలుసు. 'రావద్దు, గుడ్లున్నాయి' అని గొంతు చించుకుని అరిచాను. నువ్వు నాకు చెయ్యి ఊపి పోయావు."

చెంగడి తల వాలిపోయింది. "నన్నేం చెయ్యమంటావు?"

"వాటిని తెచ్చివ్వగలవా?"

"లేను."

"అయితే ఇంకేం మాట్లాడకు. నేను మళ్ళీ గుడ్లు పెడతాను. ఎవరినీ ఇటు రానియ్యకు. నువ్వు కూడా రాకు."

ఆ వేసవంతా చెంగడు ఆ రాళ్ళ మీదే ఎండలో కాపలా కూర్చున్నాడు. జింకలొచ్చినా, అడవిపందులొచ్చినా, "చుట్టూ తిరిగి వెళ్ళండి" అని బతిమాలేవాడు. ఎందుకని అడిగితే, తను చేసింది చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో కుంగిపోయేవాడు. అయినా చెప్పడం మానలేదు.

ఒకరోజు తీతువు పిల్లలు బుడిబుడి అడుగులతో తల్లి వెనకే నీళ్ళ దగ్గరికి దిగాయి. చెంగడు దూరం నుంచే చూశాడు. దగ్గరికి వెళ్ళి చూడాలని ఎంతో అనిపించింది. కానీ వెళ్ళలేదు. తల దించుకుని, ఏట్లోకి దిగి, చప్పుడు కాకుండా ఈదుకుంటూ వెళ్ళిపోయాడు.

నీతి: మంచి పనికి వెళ్తున్నా సరే, దారిలో ఉన్నవాళ్ళ గోడు వినాలి. తప్పు జరిగితే దాన్ని చెరిపెయ్యకూడదు, ఒప్పుకోవాలి.