ఎద్దు గోపన్న కొత్త వెబ్‌సైట్

కొండవాగు అవతలి అడవిలో ఇప్పుడు సంతకి వెళ్ళే జంతువే లేదు. ఎలుగుబంటి తేనె అమ్మినా, తాబేలు తామరదుంపలు అమ్మినా అంతా వెబ్‌సైట్లోనే. ఉన్నచోట కూర్చుని ఫోను నొక్కితే సరుకు గుమ్మంలోకి వచ్చేస్తుంది.

ఆ అడవిలో గానుగ తిప్పే ఎద్దు గోపన్న నువ్వుల నూనెకి మంచి పేరు. దాని వెబ్‌సైట్ మాత్రం చూడ్డానికి ఏమంత బాగుండదు. 'అల్లిక' అనే పాత ప్రోగ్రామ్‌తో, డెక్కతో ఒక్కో అక్షరం నొక్కి, స్వయంగా చేసుకున్నది మరి. ఫొటోలన్నీ వంకర. కానీ అడుగున, నూనె కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి రాసిన మెప్పు మాటలున్నాయి. కొత్తవాళ్ళు అవి చదివే కొనేవాళ్ళు. గోపన్నకున్న ఆస్తి అదొక్కటే.

నక్క చలమయ్యదీ నూనె వ్యాపారమే. అందులో నువ్వులెంతో, ఇంకేవెంతో దేవుడికే తెలియాలి. దాని వెబ్‌సైట్ 'తళుకు' అనే కొత్త ప్రోగ్రామ్‌తో చేసింది కాబట్టి కళ్ళు జిగేల్మనిపిస్తుంది. ఒక్క మెప్పు మాట మాత్రం లేదు. దీపావళి దగ్గర పడుతోంది. చలమయ్య తిన్నగా గానుగ దగ్గరికొచ్చింది.

"ఏంటన్నా, ఇంకా ఈ పాత అల్లికేనా? నీ నూనెకి తగ్గ వెబ్‌సైటేనా ఇది?"

"నడుస్తోంది కదా తమ్ముడూ."

"నడిస్తే సరిపోతుందా? తళుకులోకి మారిపో. వేలుతో ఇలా లాగితే బొమ్మ వచ్చి అలా కూర్చుంటుంది."

"నాకు వేళ్ళెక్కడివి?"

"డెక్కతో లాగినా వస్తుందిలే."

"మరి మనవాళ్ళు రాసిన మాటలో?"

"అన్నీ వస్తాయి. నీ పాస్‌వర్డ్ చెప్పు, నేనే మార్చిపెడతా. మనం మనం ఒకటి, ఆ మాత్రం చెయ్యనా?"

గోపన్న చెప్పేసింది. ఇలాంటి అమాయకత్వం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఏం చేస్తాం.

చలమయ్య కాసేపు ఫోను నొక్కి, "అయిపోయిందన్నా, ఇక పాతది నువ్వే తీసెయ్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇంకెవరైనా అయితే ముందు కొత్తది తెరిచి చూసుకునేవాళ్ళు. గోపన్న చూసుకోలేదు. పశువుల పాకలో పుట్టి పెరిగినదానికి తెలిసిన పద్ధతి ఒకటే. పాత పాక విప్పితేనే ఆ వాసాలూ తాటాకూ కొత్త పాకకి వస్తాయి. వెబ్‌సైటూ అంతేననుకుంది. 'తీసెయ్యమంటారా?' అని అల్లిక అడిగింది. గోపన్న అవునని నొక్కింది. 'తీసేస్తే మళ్ళీ రాదు, తీసెయ్యమంటారా?' అని ఇంకోసారి అడిగింది. "ఒకసారి చెప్పాను కదా" అని విసుక్కుని మళ్ళీ అవునని నొక్కింది.

తర్వాత కొత్తది తెరిచింది. తెల్లటి పేజీ. మధ్యలో 'మీ మాటలు ఇక్కడ రాయండి' అని ఒకే ఒక్క వాక్యం. కిందకి జరిపింది. ఏమీ లేదు. పైకి జరిపింది. అక్కడా లేదు. గోపన్న గానుగ పక్కనే కూలబడింది.

పక్క కొట్టంలోంచి మేక రత్తాలు పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది బావా, అలా అయిపోయావేంటి?"

"నా పేరు పోయింది రత్తాలూ. అందరూ రాసినవన్నీ పోయాయి. పండక్కి ఇక నన్నెవరు నమ్ముతారు?"

చలమయ్య వచ్చి మార్చిపెట్టిన సంగతి వింటుంటే రత్తాలు నములుతున్న ఆకు కింద పడినా చూసుకోలేదు. వెంటనే చలమయ్యకి ఫోను చేసింది.

"పాతది తీసేసింది ఆయనా, నేనా? కొత్త ప్రోగ్రామ్ అన్నాక ఒకటీ అరా జారిపోతాయి. నాకు అవతల పనుంది" అని చలమయ్య పెట్టేసింది.

ఇంతలో కాకి మంగతాయి వచ్చి వాలింది. "గోపన్న మామా, చలమయ్య సైటు చూశావా? నిన్నటిదాకా ఒక్క ముక్క లేదు, ఇవాళ పేజీ నిండా మెప్పులే. పండగ తొందరలో సరుకు ఇంటికొచ్చేదాకా ఆగలేక, కొట్టు ముందు అందరూ డబ్బాలు పట్టుకుని వరస కట్టారు."

గోపన్న తను తమ్ముడూ అని పిలిచినవాడు ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. ముగ్గురూ కలిసి చలమయ్య కొట్టుకి వెళ్ళారు.

"అందరూ వింటుండగా చదవవే మంగతాయీ" అంది రత్తాలు. మంగతాయి గొంతు సంగతి తెలిసిందే, అడవంతా వినబడుతుంది.

"'నూనె కమ్మగా ఉంది. మీ కొమ్ము తగిలి మా గుమ్మం విరిగినా ఏమీ అనుకోలేదు, మళ్ళీ తీసుకురండి. ఇట్లు, ఉడుత.'"

వరసలో ముందున్న ఎలుగుబంటి చలమయ్య తల వంక ఎగాదిగా చూసింది. "నీకు కొమ్ములెక్కడివయ్యా?"

"అది పొరపాటున రాశారులే" అంది చలమయ్య, తడుముకోకుండా.

"ఇంకోటి వినండి. 'నక్క చలమయ్య నూనె తాగి చావు తప్పి బయటపడ్డాను. అది నూనె కాదు, మడ్డి. పిల్లలున్నవాళ్ళు ఆ గడప తొక్కకండి. ఇట్లు, ముంగిస.'"

వరస వరసంతా కొయ్యబారిపోయింది. అందరికంటే ఎక్కువ కొయ్యబారింది చలమయ్య. గోపన్న పేజీలోని మాటల్ని మొత్తంగా ఎత్తి తన పేజీలో పోసుకుందే గానీ, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. గబగబా ఫోను తీసి చెరిపెయ్యబోయింది.

"చెరుపుకో బాబాయ్" అంది మంగతాయి. "నేను మొత్తం కాపీ చేసి గోపన్న మామకి పంపేశా."

ఎలుగుబంటి ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని గానుగ దారి పట్టింది. దాని వెనకే తాబేలు, కుందేళ్ళు, వరసంతా. గోపన్న నెమ్మదిగా నడుస్తోంది. చలమయ్య నిండు డబ్బాల మధ్య ఒక్కటే మిగిలింది.

పక్కవాడి మంచిపేరు ఎత్తుకుపోయేవాడు ముందు దాన్ని పూర్తిగా చదువుకోవాలి.