ఒంటె మీద రెండో జాగా

మా గురువుగారు వేదుల సుందరేశంగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే ముందుగా భుజం మీది ఉత్తరీయం తీసి, మడత పెట్టి, పక్కన పెట్టుకునేవారు. మడత పూర్తయ్యేలోపు జవాబు తోస్తే జవాబు చెప్పేవారు. తోచకపోతే కథ చెప్పేవారు. ఆయన దగ్గర నేను పద్నాలుగేళ్లు కూర్చున్నాను. మడత పూర్తయ్యేలోపు జవాబు రావడం రెండంటే రెండుసార్లే చూశాను, ఆ రెండూ ఏకాదశి ఎప్పుడన్న ప్రశ్నలే.

అనకాపల్లిలో ఆయన ఇంటి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు గీతాపాఠం జరిగేది. వచ్చేవాళ్ళలో నూకరాజు ఒకడు. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. పాఠం అతనికి ఎంత ఎక్కేదో చెప్పలేను గాని, ఒక్క వారమూ మానేవాడు కాదు. భార్య పోయి ఎనిమిది నెలలైంది, పిల్లలు లేరు. ఆ రోజు పాఠం ముగిసి అందరం చెప్పులు వెతుక్కుంటుంటే అతను మాత్రం లేవలేదు.

"గురువుగారండీ, మాయావిడ మంచం అలాగే ఉందండి. తీసెయ్యమంటన్నారు మావోళ్ళంతా. నాకు మనసొప్పడం లేదండి. దాని మీద ఎవుల్నీ కూకోనివ్వనండి. వారం వారం దుప్పటి మారుస్తానండి. నాను సేసేది తప్పాండి?"

ఉచిత సలహాలకు మాలో కరువు లేదు. ఆత్మకు మంచంతో పనేమిటని ఒకాయన గద్దించాడు. పోనీ సంవత్సరీకం దాకా ఉంచి ఆ తరవాత చూడమని ఇంకొకాయన పాము చావకుండా కర్ర విరగకుండా తేల్చాడు. నేనూ ఏదో అన్నాను, అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గురువుగారు ఉత్తరీయం మడత పెట్టడం మొదలుపెట్టారు. మేం చెప్పులు వదిలేసి మళ్ళీ కూర్చున్నాం. ఆయన చెప్పింది ఇది.

గురువుగారు ఉద్యోగం చేసిన బళ్ళోనే పొన్నాడ దయానిధి అని భూగోళం మాస్టారు ఉండేవాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఎడారులు చెప్పాడు. నల్లబల్ల మీద చుక్కలు పెట్టి థార్ ఎడారి అనేవాడు గాని, అనకాపల్లి నుంచి పడమరగా ఆయన చేసిన దూరప్రయాణం చోడవరం దాకానే. భార్య హైమవతి దెప్పుతూ ఉండేది. "ఏవండీ, చూడని ఊరికి దారి చెప్పే మేష్టార్ని మిమ్మల్నే చూశాను. రిటైరయ్యాక ఆ చుక్కలేవో నాకు ఒక్కసారి చూపించండి." ఆయన చూపిస్తానని మాటిచ్చాడు.

రిటైరైన వారమే ఒక నోటుపుస్తకం తీశాడు. కొత్తగా వెళ్ళేవాళ్ళు కనక పిల్లలు పరీక్షకు చదివినట్టు చదివాడు. వేసవిలో వెళ్ళకూడదు, మార్గశిరమో పుష్యమో మంచిది. నిండు చేతుల చొక్కాలు, మెడకి చుట్టుకునే గుడ్డ, కళ్ళజోడు, మనిషికి రెండు సీసాల నీళ్ళు, వాంతుల మాత్రలు. పగలు ఎండ, పొద్దుగూకితే చలి, అందుకని శాలువా. జైసల్మేరు దాకా రైలు, అక్కణ్ణించి జీపు, జీపు ఆగిన చోట ఒంటె. ఒంటె మీద గంటసేపు వెళితే పెద్ద ఇసక దిబ్బ, దాని మీంచి సూర్యాస్తమయం. ఆయన రాసిన ప్రతి పేజీకీ పక్కన హైమవతి పెన్సిలుతో ఏదో ఒకటి చేర్చేది. 'మజ్జిగ దొరుకుతుందా?' 'చీరతో ఒంటె ఎలా ఎక్కుతారు? కనుక్కోండి.' 'చింతకాయ పచ్చడి వేరే సీసాలో.' ఇద్దరికీ కలిపి ఒకే ఒంటె కావాలని రాయించింది కూడా ఆవిడే. విడిగా ఎక్కడానికి భయమట.

టిక్కెట్లు తీశాక, భాద్రపదంలో, మూడు రోజుల జ్వరంతో ఆవిడ పోయింది.

అందరూ టిక్కెట్లు రద్దు చేసుకోమన్నారు. ఆయన వినలేదు. మాటిచ్చాను, చూపించాలి అన్నాడు. ఎవరికి చూపిస్తావని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తోడు వస్తానని గురువుగారు అంటే వద్దన్నాడు. నోటుపుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నట్టే సర్దుకున్నాడు, నాలుగు సీసాల నీళ్ళతో సహా. రైల్లో రెండు పగళ్ళు ఎదురు సీటు వాళ్ళతో పలకలేదు. జీపులో చుట్టూ నవ్వే సంసారాలు, మధ్యలో శాలువా ఒళ్ళో పెట్టుకుని ఈయన. అంత ఒంటరితనం ఆవిడ పోయిన రోజున కూడా ఎరగనని తరవాత గురువుగారితో అన్నాడట. ఆ రోజున ఇల్లంతా మనుషులు కదా మరి.

ఒంటె జీనుకి రెండు జాగాలుంటాయి, మూపురానికి ముందొకటి, వెనకొకటి. ఈయన ముందు కూర్చుని, వెనక జాగాలో శాలువా నాలుగు మడతలు వేసి పరిచాడు. ఒంటె మనిషి సవాయిరాం అటూ ఇటూ చూసి, రెండో మనిషి ఎక్కడని అడిగాడు. లేదన్నాడు ఈయన. సవాయిరాం గోనెసంచి ఒకటి తెచ్చి గబగబా ఇసక నింపసాగాడు. అక్కడి పద్ధతి అది. ఒక్కరే ఎక్కితే రెండో జాగాలో ఇసక బస్తా కడతారు. వెనక బరువు లేకపోతే జీను నిలవదు.

దయానిధి మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. మా ఆవిడ జాగాలో ఇసక బస్తానా అని తెలుగులోనే అరిచాడు. శాలువాకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. సవాయిరాం తనకొచ్చిన హిందీలో నచ్చచెప్పి చూశాడు, విసుగొచ్చి మానేశాడు. మీ ఇష్టం అని ఒంటెను అదిలించాడు. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళ మీద లేస్తుంది. లేవగానే జీను ముందుకి జారింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఒంటె ఎడారి ఓడ అని చెప్పిన మాస్టారు ఆ ఓడ మీంచి బోర్లా ఇసకలో పడ్డాడు. పక్క ఒంటెల మీది వాళ్ళు నవ్వారు. చూస్తుండగానే ఆ ఒంటెలన్నీ కదిలిపోయాయి.

దెబ్బ తగల్లేదు గాని ఆయనకి లేవబుద్ధి కాలేదు. పొద్దు వాలుతోంది. సవాయిరాం జీను సరిచేసి వచ్చి నిలబడ్డాడు. "మాస్టర్‌జీ, ఖాళీగా పెడితే నా ఒంటె నడవదు. బస్తా వద్దంటే తిరిగి జీపు దగ్గరికి పోదాం. కాని మనం ఆగినా సూర్యుడు మాత్రం ఆగడు."

పోదాం పద అనబోయాడట. అంతలో వాళ్ళ పక్కనించి ఒక ముసలాయన నడిచిపోతున్నాడు. పేరు హమీరా, దిబ్బ దగ్గర, చూడ్డానికి వచ్చినవాళ్ళకి రొట్టెలు కాల్చేవాడు. నెత్తిన పిండి మూట, చేతిలో పెనం. మోకాళ్ళు వంగవు కాబోలు, ఇసకలో ఒక్కొక్క కాలూ పెరికి పెడుతున్నాడు. అక్కడ పనివాళ్ళు రోజూ నడిచే వెళతారు, జీను వచ్చినవాళ్ళకే.

దయానిధి మాస్టారు చాలాసేపు ఆ కాళ్ళకేసి చూశాడు. అప్పుడు సవాయిరాంతో, "ఆయన్ని ఎక్కించు" అన్నాడు.

హమీరా వద్దు వద్దంటూనే ఎక్కాడు, మూట ఒళ్ళో పెట్టుకుని. శాలువా తీయాలని ఎవరికీ తోచలేదు. దాని మీదే కూర్చున్నాడు. ఈయన చూశాడు, ఈసారి చేతులు అడ్డం పెట్టలేదు. ఒంటె లేచింది, జీను కదల్లేదు.

ఆ గంటా మాస్టారు నోరు మూయలేదట. వెనక్కి తిరక్కుండానే హైమవతి సంగతులన్నీ చెప్పుకొచ్చాడు. పెళ్ళిలో ఆవిడకి తలనొప్పి వచ్చిన సంగతి, పెన్సిలుతో అడిగిన ప్రశ్నలు, జ్వరం మూడో రోజున మంచినీళ్ళు అడిగిన తీరు, అన్నీ తెలుగులోనే. వెనకనించి హమీరా, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, అవునండీ అన్నట్టు మాటకొకసారి "హా జీ" అనేవాడు. ఒక చోట మాస్టారికి ఏడుపు ఆగలేదు. అప్పుడు కూడా ముసలాయన "హా జీ" అనే అన్నాడు, కాకపోతే కాస్త నెమ్మదిగా.

దిబ్బ చేరేసరికి సగం సూర్యుడు మిగిలాడు. హమీరా దిగి, శాలువా దులిపి, మళ్ళీ నాలుగు మడతలు వేసి ఈయన చేతికిచ్చి, పొయ్యి వెలిగించుకోడానికి వెళ్ళిపోయాడు. మాస్టారు ఒక్కడే కూర్చుని ఆ మిగిలిన సగాన్ని చూశాడు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. నూకరాజు అరుగు గచ్చు మీద వేలితో ఏదో గీశాడు. మాకెవరికీ సలహా చెప్పాలనిపించలేదు. చివరికి అతనే అడిగాడు.

"మరి ఆవిడ జాగా పోయినట్టే కదాండీ?"

"జాగా ఆవిడదే నాయనా," అన్నారు గురువుగారు. "ఎవరు కూర్చున్నా ఆవిడదే."